పరమాణువులు కట్టుకునే గుడిసెలు

(స్త్రీల కార్యక్రమంలో చేసిన రేడియో ప్రసంగం)



కొత్త చీరకి ఫాల్ కుట్టేముందు మనం ఏం చేస్తాం? ఫాల్ గుడ్డని ఓ పూట నీళ్ళలో నానబెట్టి, ఆరేసి, ఇస్త్రీ చేసి అప్పుడు కుడతాం. పెళ్ళి తొందరలోనో పండగ తొందరలోనో ఆ పని చెయ్యకుండా కుట్టేశామా, మొదటి వుతుకుతోనే మన బద్ధకం బయటపడుతుంది. ఫాల్ ముడుచుకుపోతుంది. చీర ముడుచుకోదు. పైనున్న అంచు పొడుగు, కిందనున్న ఫాల్ పొట్టి. కుట్టు చూస్తే రెండింటినీ వదలకుండా పట్టుకుని వుంటుంది. మరి ఆ మిగిలిపోయిన చీర ఎక్కడికి పోవాలి? పైకి లేచి బుడిపెలు బుడిపెలుగా ముడతలు పడుతుంది. ఎంత ఇస్త్రీ చేసినా ఆ ముడత చావదు.

ఇవాళ నేను చెప్పబోయే శాస్త్రమంతా ఈ ముడతలోనే వుంది. కాకపోతే చీర బదులు జెర్మేనియం అనే మూలకం, ఫాల్ బదులు సిలికాను అనే మూలకం. ముడతల బదులు కంటికి కనిపించని చిన్న చిన్న దిబ్బలు. శాస్త్రజ్ఞులు వాటిని దీవులంటారు.

వంటావార్పూ చెప్పుకోక ఈ గొడవంతా మనకెందుకంటారా? ఎందుకో ముందు చెప్పి, తరవాత అసలు సంగతిలోకి వస్తాను.

మా పక్కవాటాలో వుండే ఆవిడ మొన్నామధ్య ఓ మధ్యాహ్నం వచ్చి కూచుంది. కాఫీ ఇచ్చాను. తాగలేదు. “పిన్నిగారూ, మీరు కాలేజీలో ఫిజిక్సు చెప్పారు కదా. మా అమ్మాయి చేసే పని ఏమిటో నాకు తెలుగులో చెప్పండి” అంది. ఆ పిల్ల నాలుగేళ్ళుగా పరిశోధన చేస్తోంది. ఆ ముందు ఆదివారం పెళ్ళివారు వచ్చి, “అమ్మాయి ఏం చేస్తుందండీ?” అని అడిగారట. ఈవిడ తడుముకుని, “ఏదో కంప్యూటర్ల పనండీ” అందిట. పక్కగదిలోంచి ఆ పిల్ల విన్నది. ఆ రాత్రి అన్నం తినలేదట. “నాలుగేళ్ళ నుంచీ చేస్తున్నది మా అమ్మకే తెలీదు. ఇంకెవరికోసం చెయ్యడం?” అందిట.

దానికి తోడు ఇంట్లో ఆయన, “ఇంకా రెండేళ్ళు ఎందుకు? మానేసి ఏదైనా వుద్యోగంలో చేరమను” అని పట్టుబట్టారు. అమ్మాయికి నువ్వే చెప్పు అని భారం ఈవిడ మీద పెట్టారు. “అదేం పనో నాకు తెలీదు. తెలీని పనిని మానెయ్యమని ఏ మొహం పెట్టుకుని చెప్పను? చెయ్యమని మాత్రం ఎలా చెప్పను?” అని ఆవిడ కళ్ళు తుడుచుకుంది.

ఆ పిల్ల చేసే పని ఈ జెర్మేనియం దీవుల మీదే. ఆవిడకి చెప్పిందే మీకూ చెబుతున్నాను. ఇలాంటి పిల్లలు మీ ఇళ్ళల్లో కూడా వుండి వుంటారు.

ముందు ఈ ఇద్దరూ ఎవరో తెలుసుకుందాం. సిలికాను మనకి పరాయిది కాదు. ఇసకలో వున్నదే అది. ఇసకలో ఆక్సిజన్‌తో కలిసి వుంటుంది. విడదీసి, శుద్ధి చేసి, పెద్ద దుంగలాంటి స్ఫటికంగా పెంచి, అరటికాయ చక్రాల్లా పలచగా కోస్తారు. మీ సెల్‌ఫోనులో, టీవీలో, వాషింగ్ మెషీనులో వుండే చిప్పులు చాలామటుకు అలాంటి బిళ్ళల మీద తయారైనవే.

జెర్మేనియం దానికి వరసకి తోబుట్టువు. దీని కథ తమాషాగా వుంటుంది. మెండలీఫ్ అనే రష్యన్ శాస్త్రజ్ఞుడు మూలకాలన్నిటినీ ఓ పట్టికలో పంక్తులుగా కూచోబెట్టాడు. సిలికాను కింద ఓ విస్తరి ఖాళీగా మిగిలింది. ఇక్కడ కూచోవలసినవాడు ఎక్కడో వున్నాడు, ఇంకా రాలేదంతే అని 1871లో చెప్పాడు. వాడి పరమాణు భారం 72 వుంటుందని కూడా చెప్పాడు. పదిహేనేళ్ళకి, 1886లో, జర్మనీలో ఫ్రైబర్గ్ అనే వూళ్ళో క్లెమెన్స్ వింక్లర్ అనే ఆయన ఓ వెండి ఖనిజంలో దాన్ని పట్టుకున్నాడు. భారం 72కి కాస్త పైన తేలింది. తన దేశం పేరే దానికి పెట్టాడు.

మొట్టమొదటి ట్రాన్సిస్టరు తయారైంది ఈ జెర్మేనియంతోనే. 1947 డిసెంబరులో అమెరికాలో బెల్ ప్రయోగశాలలో బార్డీన్, బ్రాటెన్ అనే ఇద్దరు దాన్ని పనిచేయించి చూపారు. వాళ్ళకీ, వాళ్ళ నాయకుడు షాక్లీకీ కలిపి 1956లో నోబెల్ బహుమానం వచ్చింది. మన ఇళ్ళల్లో ఒకప్పుడు వంటింటి గూట్లో పెట్టుకుని పాటలు వినే చిన్న రేడియోని ట్రాన్సిస్టరనే పిలిచేవాళ్ళం కదూ? ఆ పేరు దాని లోపలున్న ఈ చిన్న వస్తువుది. మొదట్లో ఆ రేడియోల్లో వుండేవి జెర్మేనియం ట్రాన్సిస్టర్లే. అయితే వేడెక్కితే జెర్మేనియం తిన్నగా వుండదు. విద్యుత్తు కారిపోతుంది. పైగా దాని మీద ఏర్పడే తుప్పు పొర నీళ్ళలో కరిగిపోతుంది. సిలికాను తుప్పు గాజులా గట్టిగా నిలబడుతుంది. అందుకని 1960ల నుంచి రాజ్యం సిలికానుదయింది.

కాని జెర్మేనియంలో ఓ మంచి గుణం వుంది. విద్యుత్తు దాని గుండా సిలికానులో కంటే చురుగ్గా నడుస్తుంది. అందుకని, ఎలాగైనా సిలికాను బిళ్ళ మీదే జెర్మేనియాన్ని పలచగా పూస్తే ఇద్దరి మంచీ కలిసొస్తుంది కదా అనుకున్నారు. అక్కడ మొదలైంది మన చీరా ఫాల్ గొడవ.

సిలికాను పరమాణువుకైనా జెర్మేనియం పరమాణువుకైనా నాలుగేసి చేతులుంటాయనుకోండి. ప్రతివాడూ చుట్టూ వున్న నలుగురిని పట్టుకుంటాడు. వజ్రంలోనూ ఇదే అమరిక. ఇద్దరి అల్లికా ఒకటే, అయితే గడి సైజు వేరు. సిలికాను గడి 5.43 ఆంగ్‌స్ట్రాములు, జెర్మేనియం గడి 5.66. ఆంగ్‌స్ట్రాము అంటే సెంటీమీటరులో పది కోట్ల వంతు. అంటే జెర్మేనియం గడి నూటికి నాలుగు పాళ్ళు పెద్దదన్నమాట. నాలుగు పాళ్ళేగా అని తీసిపారెయ్యకండి. బంతి భోజనానికి పాతిక విస్తళ్ళు వేసిన వరసలో కాస్త లావుపాటి వాళ్ళని కూచోబెడితే ఇరవైనలుగురే సుఖంగా పడతారు. ఇరవైఅయిదో ఆయన కూడా కూచోవాలంటే అందరూ మోచేతులు దగ్గరికి లాక్కోవాలి. సరిగ్గా ఆ లెక్కే ఇక్కడా వుంది.

ఇక ఈ పూత పూసే పని ఎలా చేస్తారో చెబుతాను. ఓ స్టీలు గదిలోంచి గాలినంతా లాగేస్తారు. లోపల మిగిలే ఒత్తిడి మన గాలి ఒత్తిడిలో పది లక్షల కోట్లలో ఒక వంతు మాత్రమే. అంత శుభ్రం ఎందుకంటే, పరమాణువుల పని చేసేటప్పుడు గాలే పెద్ద దుమ్ము. ఒత్తిడి అంతకు పదివేల రెట్లు వుంటే చాలు, శుభ్రం చేసిన సిలికాను మీద ఒక్క సెకనులో ఓ పొర మేరకి వాయువు వచ్చి పడుతుంది. బాగా ఖాళీ చేసిన గదిలో అదే పనికి మూడు గంటలదాకా పడుతుంది. ఈలోగా మన పని చేసుకోవచ్చు.

సిలికాను బిళ్ళని ముందు బాగా కాల్చి మీదనున్న తుప్పు పోగొడతారు. తరవాత అయిదారువందల డిగ్రీల వేడిలో నిలబెడతారు. ఓ మూల చిన్న మూసలో జెర్మేనియం కాగుతుంటుంది. దాని ఆవిరి నెమ్మదిగా వచ్చి బిళ్ళ మీద పడుతుంది. కొందరు జెర్మేనియం వున్న వాయువుని పంపించి కూడా ఇదే పని చేస్తారు. పడిన పరమాణువు పడినచోటే అతుక్కుపోదు. వేడికి అటూ ఇటూ తిరుగుతుంది. పెళ్ళిపందిట్లోకి ఆలస్యంగా వచ్చిన చుట్టంలా చోటు వెతుక్కుంటుంది.

ఇప్పుడు ఆ పరమాణువులు ఎలా సర్దుకుంటాయి? ఒకదానిమీద మరొకటి పెరగడంలో మూడు పద్ధతులున్నాయి. కడిగిన నాపరాయి మీద నీళ్ళు పోస్తే సమంగా పరుచుకుంటాయి. ఇది మొదటిది. తామరాకు మీద పోస్తే అసలు పరుచుకోవు, ముత్యాల్లా చుక్కలు కడతాయి. ఇది రెండోది. ముందు పలచగా పరుచుకుని, కాస్త మందం రాగానే మనసు మార్చుకుని పైన దిబ్బలు కట్టడం మూడోది. ఈ మూడోదాన్ని 1938లో స్ట్రాన్‌స్కీ, క్రస్తనోవ్ అనే ఇద్దరు బల్గేరియా శాస్త్రజ్ఞులు లెక్క వేసి చెప్పారు. అందుకే దానికి వాళ్ళ పేర్లు పెట్టారు. సిలికాను మీద జెర్మేనియం పెరిగేది ఈ మూడో పద్ధతిలోనే.

ముందు ఎందుకు పరుచుకుంటుంది, తరవాత ఎందుకు మనసు మార్చుకుంటుంది? అసలు ప్రశ్న ఇదీ.

పైపొరలో వున్న పరమాణువుకి పైన పట్టుకోవడానికి ఎవరూ వుండరు. ఖాళీగా వుండిపోయిన చేతులు దానికి బాధ. శాస్త్రంలో దీన్ని ఉపరితల శక్తి అంటారు. సిలికాను పట్టు గట్టిది కాబట్టి దాని చెయ్యి ఖాళీగా వుంటే బాధ ఎక్కువ. జెర్మేనియం పట్టు కాస్త మెత్తన కాబట్టి బాధ తక్కువ. అందుకని సిలికాను మొహాన్ని జెర్మేనియంతో కప్పెయ్యడమే అందరికీ లాభం. మొదటి పొర చక్కగా పరుచుకుంటుంది.

కాని కిందివాడి గడి చిన్నది. కుట్టు గట్టిది. జెర్మేనియం మోచేతులు దగ్గరికి లాక్కుని, సిలికాను గడిలోనే ఇరుక్కుని కూచుంటుంది. ఒక్క పొరకి ఇరుకు ఓర్చుకోవచ్చు. రెండో పొర కూడా అలాగే ఇరుక్కోవాలి, మూడో పొరా అంతే. పొర పెరిగినకొద్దీ బిగింపు జమ అవుతుంది. మధ్యలో చిన్న ఉపాయం ఒకటి చేస్తుంది. ఎనిమిది పది జతలకి ఒక జత చోటు ఖాళీగా వదిలేస్తుంది, కాస్త వూపిరి ఆడటానికి. అదీ చాలదు. మూడు నాలుగు పొరలయ్యేసరికి ఓర్పు అయిపోతుంది. ఆ మూడు నాలుగు పొరల మందం ఎంతనుకున్నారు? మిల్లీమీటరులో ఇరవై లక్షల వంతు.

అక్కడినుంచి వచ్చే పరమాణువులు సమంగా పరుచుకోవడం మానేసి గుంపులు కడతాయి. గుంపు కడితే ఏం లాభం?

తోటకూర కట్ట చూడండి. వేళ్ళ దగ్గర అరటినార బిగించి కట్టి వుంటుంది. అక్కడ కాడలన్నీ ఒరుసుకుంటూ వుంటాయి. పైకి పోయినకొద్దీ కట్ట విచ్చుకుంటుంది, ఆకులు హాయిగా పరుచుకుంటాయి. అదే కాడల్ని మడిలో దట్టంగా మొలిపిస్తే, మధ్యనున్న మొక్క ఎటూ విచ్చుకోలేదు. జెర్మేనియం దిబ్బ కూడా కట్టలాంటిదే. అడుగున సిలికాను బిగించి పట్టుకున్నా, పైకి పోయినకొద్దీ పక్కల్లో ఖాళీ వుంది కాబట్టి పరమాణువులు తమ సహజమైన ఎడానికి జరుగుతాయి. దిబ్బ కింది సిలికాను కూడా కొద్దిగా వంగి సహకరిస్తుంది.

అయితే దిబ్బ కట్టడానికి ఖర్చుంది. పక్కల వాలు వస్తుంది కాబట్టి బయటి మొహం పెరుగుతుంది. ఖాళీ చేతులు పెరుగుతాయి. చిన్న దిబ్బకి ఈ ఖర్చే ఎక్కువ, అందుకని చాలా చిన్నవి నిలబడవు. ఓ సైజు దాటితే బిగింపు తగ్గిన లాభం ఖర్చుని మించుతుంది. ఇక అక్కడినుంచి దిబ్బ పెరుగుతుంది. చూశారా, జమాఖర్చుల పుస్తకం పరమాణువులకి కూడా తప్పలేదు.

ఈ దిబ్బలు ఏ ఆకారంలో వుంటాయో కళ్ళారా చూసింది 1990లో. సన్నని సూది మొనని ఉపరితలానికి తగలకుండా, పరమాణువంత దూరంలో నడిపి ఎత్తుపల్లాలు గుర్తించే సూక్ష్మదర్శిని ఒకటుంది. దాన్ని 1981లో స్విట్జర్లాండులో బినిగ్, రోరర్ అనే ఇద్దరు తయారుచేశారు. దానికి 1986లో నోబెల్ బహుమానం వచ్చింది. ఆ సూదితోనే అమెరికాలో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో లాగల్లీ బృందం జెర్మేనియం దీవుల్ని చూసింది. అవి గుండ్రని బుడిపెలు కావు! నాలుగు వైపులా నున్నని వాలుతో, కొన్ని పొడుగ్గా, అచ్చం పూరిగుడిసెల్లా వున్నాయి. శాస్త్రజ్ఞులు కూడా వాటికి ఇంగ్లీషులో గుడిసె అనే పేరే పెట్టారు. గుడిసెలన్నిటికీ కప్పు వాలు ఒక్కటే, పదకొండు డిగ్రీల చిల్లర. స్ఫటికంలో ఆ వాలు దగ్గర పరమాణువులు చక్కగా సర్దుకుంటాయి కాబట్టి అన్నీ ఆ వాలునే ఎంచుకుంటాయి. మేస్త్రీ లేడు, తాడు పట్టినవాడు లేడు, అయినా ఏ గుడిసెకీ కప్పు వంకర లేదు.

ఇంకాస్త జెర్మేనియం పడితే, వేడి కూడా ఎక్కువైతే, వాలు చాలదు. తోటకూర కట్ట ఎంత పొడుగైతే పైన అంత విచ్చుకుంటుంది కదా. అలాగే దిబ్బ నిటారుగా లేస్తే బిగింపు ఇంకా తగ్గుతుంది. అందుకని పిరమిడ్ ఆకారంలో వున్నది క్రమంగా రూపు మార్చి, వాలు పెంచుకుని, అనేక ముఖాలున్న గుమ్మటంలా తయారవుతుంది. గుమ్మటం అంటే పెద్దదనుకునేరు. దాని వెడల్పు మన తల వెంట్రుక మందంలో ఇంచుమించు వెయ్యోవంతు. అయినా అందులో లక్షల పరమాణువులుంటాయి. మన బొట్టుబిళ్ళంత చోటులో ఇలాంటి దీవులు వంద కోట్లు పట్టేస్తాయి.

ఈ మార్పు జరుగుతూ వుండగా చూసినవాళ్ళలో ముఖ్యురాలు ఓ స్త్రీ. పేరు ఫ్రాన్సెస్ రాస్. అమెరికాలో ఐ.బి.ఎం. ప్రయోగశాలలో ఎలక్ట్రాను సూక్ష్మదర్శిని లోపలే జెర్మేనియాన్ని పెరగనిచ్చి, దీవులు పుట్టడం, పెరగడం, రూపు మారడం సినిమాలా చూసింది. 1998లో, 1999లో తన తోటివారితో కలిసి ఆ సంగతులు ప్రచురించింది. తరవాత ఆవిడ ఎం.ఐ.టి.లో ప్రొఫెసరయింది. పొయ్యి దగ్గర నిలబడి పాకం ఎప్పుడు తీగ సాగుతుందో, ఎప్పుడు వుండ కడుతుందో రెప్ప వెయ్యకుండా చూసే ఓపిక మనకి తెలుసు. ఆవిడ చేసిందీ అలాంటి కాపలాయే.

ఆ కాపలాలో ఓ విచిత్రం కనబడింది. పెద్ద దీవులు పెరుగుతుంటే చిన్న దీవులు కరిగిపోతున్నాయి. ఒకదానికొకటి తగలకుండానే! సాంబారు మీద నూనె చుక్కలు తగులుకుని కలిసిపోవడం వేరు. ఇది వేరు. ఫ్రిజ్జులో చాలారోజులు వుండిపోయిన ఐస్‌క్రీం తిని చూశారా? నాలిక్కి గరగరలాడుతుంది. అందులోని సన్నటి మంచు పలుకులు కరిగి, ఆ నీరు పెద్ద పలుకుల మీద చేరి, అవి మరీ పెద్దవయ్యాయన్నమాట. ఇక్కడా అంతే. చిన్న పిరమిడ్‌లో పరమాణువుకి ఇరుకెక్కువ. అది జారుకుని ఉపరితలం మీద నడిచి, సుఖంగా వున్న గుమ్మటంలో చేరుతుంది.

వేడిది కూడా ఇందులో పెద్ద పాత్రే. పటికబెల్లం సంగతి మీకు తెలుసు. పాకాన్ని కదపకుండా నెమ్మదిగా ఆరనిస్తే పెద్ద పలుకులొస్తాయి. గబగబా తిప్పేస్తే పొడి అవుతుంది. సిలికాను బిళ్ళ వేడిగా వుంటే పరమాణువులు చాలాదూరం తిరిగి చోటు వెతుక్కుంటాయి, అందుకని తక్కువ దీవులు, పెద్దవి వస్తాయి. చల్లగా వుంటే దొరికినచోట ఆగిపోతాయి. చిన్న గుడిసెలు, లెక్కకి ఎక్కువ. వేడి మరీ ఎక్కువైతే ఇంకో పని జరుగుతుంది. అడుగునున్న సిలికాను కూడా దీవిలోకి వచ్చి కలిసిపోతుంది. అప్పుడు గడుల తేడా తగ్గుతుంది, బిగింపు తగ్గుతుంది, దీవి ఇంకా లావెక్కుతుంది. కాని అది ఇక అచ్చమైన జెర్మేనియం కాదు. నీళ్ళు కలిసిన పాలలాంటిది.

ఇంతవరకూ బాగానే వుంది. దీవి ఇంకా ఇంకా పెరిగితే? మళ్ళీ బంతి దగ్గరికే రావాలి. ఇరుక్కుని కూచున్న పాతికమందిలో ఒకాయన విసుగెత్తి లేచిపోతాడు. తక్కినవాళ్ళు సర్దుకుంటారు, కాని ఓ విస్తరి ఖాళీ. దీన్ని స్థానభ్రంశం అంటారు. స్ఫటికంలో కుట్టు తప్పడమన్నమాట. ఆ తప్పిన కుట్టు వెంబడి విద్యుత్తు దొంగతనంగా కారిపోతుంది. ఒక్క తప్పిన కుట్టు చిప్పులో పనికొచ్చే భాగంలో పడితే ఆ భాగం పాడు. అందుకని ఇంజనీర్లు దీవి కనబడిందంటే కుట్టు తప్పినట్టే లెక్కవేసి, మొత్తం పొరనే పనికిరానిదిగా చూసేవారు.

1990లోనే బెల్ ప్రయోగశాలలో ఈగల్‌షామ్, సెరుల్లో అనే ఇద్దరు జాగ్రత్తగా చూసి, అలా కాదు, దీవులు మొదట్లో ఒక్క కుట్టు కూడా తప్పకుండా పెరుగుతాయి అని చూపించారు. సమంగా పరచిన పొర ఏ మందంలో కుట్టు తప్పుతుందో, దానికి యాభై రెట్ల ఎత్తుదాకా దీవి నిర్దోషంగా పెరిగింది. ముడతగా లేచింది కాబట్టే చిరగలేదన్నమాట.

అప్పటినుంచి అందరి చూపూ మారింది. వద్దనుకున్న ముడతలనే కావాలని పెంచడం మొదలుపెట్టారు. అంత చిన్న దీవిలో చిక్కిన విద్యుత్ కణం ఎటూ పోలేదు. బావిలో పడ్డ బిందెలాగా అక్కడే వుండి, కొన్ని నిర్ణీతమైన మెట్ల మీదే నిలుస్తుంది. ఇలాంటివాటిని క్వాంటం చుక్కలంటారు. 2018లో ఆస్ట్రియాలో కట్సరోస్ బృందం గుడిసెలాగే వుండి తీగలా సాగిన జెర్మేనియం దీవిలో, క్వాంటం కంప్యూటరుకి కావలసిన మూల అంశాన్ని పనిచేయించి చూపింది. ఇది దుకాణంలో దొరికే సరుకు కాదు, ప్రయోగశాల పని. కాని దీని అక్కగారు మీ చేతిలోకి వచ్చి చాలాకాలమైంది. జెర్మేనియం పాలు తగ్గించి, సిలికానుతో కలిపి, దీవులు లేవకుండా పొదిగితే అది పక్కనున్న సిలికానుని నొక్కుతుంది. అలా నొక్కుడుపడ్డ సిలికానులో విద్యుత్తు వేగంగా నడుస్తుంది. ఇంటెల్ కంపెనీ 2003లో ప్రకటించిన చిప్పుల్లో ఈ ఉపాయమే వాడింది. ఒకచోట ముడత రాకుండా చూడాలి, ఇంకోచోట ముడత రావాలి. రెంటికీ అది ఎప్పుడు, ఎందుకు వస్తుందో తెలిసుండాలి.

మరి మా పక్కింటి అమ్మాయి చేసే పని ఏమిటి? దీవులు వాటంతటవే పెరిగితే ఎక్కడపడితే అక్కడ పుడతాయి. తీగలు కలపాలంటే ఏది ఎక్కడుందో తెలియాలి కదా. అందుకని సిలికాను మీద ముందుగానే వరసగా చిన్న చిన్న గుంటలు చేస్తారు. తిరిగే పరమాణువులకి ఆ గుంటలు అనుకూలంగా వుంటాయి, దీవులు అక్కడే లేస్తాయి. ఇంకో ఉపాయం కూడా వుంది. ఒక వరస దీవుల మీద పలచగా సిలికాను కప్పి, మళ్ళీ జెర్మేనియం పోస్తే, కింద దీవి వున్నచోటనే పైన దీవి లేస్తుంది. దుప్పటి కింద గోళీ వుంటే పైకి తెలిసినట్టు, కిందిదాని బిగింపు పైదాకా తెలుస్తుంది. ఇడ్లీ రేకుల్లా ఒకదానిమీద ఒకటి పేర్చినట్టు వస్తాయి. ఆ పిల్ల పని ఈ గుంటలు ఎంత ఎడంగా, ఎంత లోతుగా వుంటే ఒక్కొక్క గుంటకి ఒక్కటే దీవి, ఒకే సైజులో వస్తుందో తేల్చడం.

ఇదంతా విని ఆవిడ కాసేపు మాట్లాడలేదు. చల్లారిపోయిన కాఫీ గ్లాసు చేతిలో తిప్పుతూ, “అయితే అది ముగ్గు చుక్కలు పెడుతోందన్నమాట” అంది. “చుక్క తప్పితే ముగ్గంతా పాడే కదండీ పిన్నిగారూ.”

నేను నలభై ఏళ్ళు పాఠాలు చెప్పాను. ఇంత చక్కగా ఎప్పుడూ చెప్పలేదు.

ఆ సాయంత్రం ఆవిడ కూతురి గదిలోకి వెళ్ళి, “నీ చుక్కలు ఎంత ఎడంలో పెడుతున్నావే?” అని అడిగిందట. ఆ పిల్ల తెల్లబోయి, తరవాత రాత్రి పదకొండు దాకా ఫోటోలు చూపిస్తూ కూచుందట. ఆయన ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు. “రెండేళ్ళు” అని గొణుగుతూనే వున్నారు. కాని ఈసారి ఆవిడ మాత్రం తడుముకోలేదు. “పని సగంలో వుంది. ముగ్గు సగంలో వదిలేసి లేవమని నేను చెప్పను” అందిట. తరవాత వచ్చిన పెళ్ళివారికి, “మా అమ్మాయి సిలికాను మీద జెర్మేనియం దీవులు వరసగా పెంచుతుందండీ” అని మొదలుపెట్టి, చీరా ఫాలూ అంతా చెప్పిందట. అబ్బాయి తల్లి ఆసక్తిగా విని, “మొన్న నా పట్టుచీరకీ అలాగే అయింది, ఫాల్ తడపలేదు” అందిట!

సంబంధం సంగతి ఇంకా తేలలేదు. తేలేదాకా ఆగడానికి మన రేడియోలో టైము లేదు.

మీ ఇంట్లో కూడా చదువుకుంటున్న కూతురో, కోడలో, మేనకోడలో వుంటే, ఇవాళ సాయంత్రం కూరలు తరుగుతూ ఒక్కమాట అడగండి: “నువ్వు చేసేది ఏమిటో నాకు అర్థమయ్యేట్టు చెప్పు” అని. మొదట “నీకు అర్థం కాదులే అమ్మా” అనవచ్చు. వదలకండి. కొత్త చీర వుంటే తీసి ముందు పెట్టండి.